ఆ పదిమందిలో మున్షీ లేడు

వరంగల్ చౌరస్తాలో నలభై దాటిన ఎవరినైనా పట్టుకుని పాత బ్రాందీ షాపు ఎక్కడుండేదని అడగండి. హిందువైనా ముసల్మానైనా, తాగేవాడైనా తాగనివాడైనా, చెయ్యి చాపి చూపిస్తాడు. కొందరు చూపించే ముందు కొంచెం నవ్వుతారు. షాపుకో పేరుండేది, రేకు బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో. ఆ పేరు ఇక్కడ రాయను. సేటు వారసులు ఊళ్లోనే ఇజ్జత్‌గా బతుకుతున్నారు, వాళ్లనెందుకు ఇందులోకి లాగడం. ఊరు కూడా ఆ పేరు పెద్దగా వాడలేదు. చౌరస్తా షాపు అంటే చాలు, రిక్షావాడు తీసుకుపోయేవాడు.

మా అబ్బా ఆ షాపులో మున్షీ.

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను. మా ఖాందాన్‌లో కొందరికి ఇప్పటికీ ఈ మాట నచ్చదు. పెళ్లి సంబంధాలప్పుడు పిల్లాడి నానా ఏం చేసేవారని అడిగితే, "హిసాబ్ కితాబ్ చూసేవారు" అని మా అపా చెప్పి చాయ్ తేవడానికి లోపలికి వెళ్లిపోతుంది. అబద్ధం కాదు కదా. ఎక్కడి హిసాబ్, దేని కితాబ్ అని ఎవరూ అడగరు. అడిగితే అపా ఏం చెప్తుందో వినాలని నాకు సరదా.

షాపు ముందు భాగం ఇరుకు. మూడు మెట్లు, ఇనుప జాలీ, జాలీ మధ్యలో రెండు చేతులు పట్టేంత కంత. డబ్బులు లోపలికి, సీసా బయటికి. లోపల గోడ నిండా చెక్క అరలు. అన్నిటికంటే పైన దుమ్ము పట్టిన ఫుల్ బాటిళ్లు. అవి అందానికి, ఎవరూ కొనగా నేను చూడలేదు. చేతికందే ఎత్తులో క్వార్టర్లు. ఓల్డ్ మంక్, బాగ్‌పైపర్, మెక్‌డోవెల్, కింగ్‌ఫిషర్, నాకౌట్. ఈ పేర్లన్నీ నేను మొదట తెలుగు లిపిలోనే చదివాను, ధరల బోర్డు మీద. బడిలో అలిఫ్ బే, ఇంట్లో అలిఫ్ బే, మసీదులో అలిఫ్ బే. తెలుగు ఒక్క పీరియడ్. కాబట్టి నాకు తెలుగు గుణింతం నేర్పింది సగం మా తెలుగు సార్, సగం ఆ బోర్డు. "ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్" అన్న లైను కూడబలుక్కుని చదవడానికి నాకు ఒక వారం పట్టింది. ఇండియాలో చేస్తే ఫారిన్ ఎట్లా అవుతుందని అబ్బాను అడిగాను. "పెద్దయ్యాక సర్కార్‌ను అడుగు" అన్నాడు. అడగడానికే విలేకరినయ్యానేమో.

ముందు మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు. అమ్మీ సఖ్త్ ఆర్డర్. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని మండీ బజార్ నుంచి గల్లీల్లోంచి పోయి వెనక తలుపు కొట్టేవాణ్ని. వెనక గదిలో అట్ట పెట్టెలు కప్పు దాకా. ఓ మూలన గోనె సంచి పరిచి, దాని మీద వాలు డెస్కు, దాని వెనక మా అబ్బా. తెల్ల లాల్చీ, చెవికి పెన్సిలు. గదంతా తడి అట్ట వాసన, పగిలిన సీసాల వాసన. అత్తరు దూదిని అబ్బా డెస్కులోనే పెట్టుకునేవాడు. జొహర్ నమాజుకు లేచే ముందు చెవిలో పెట్టుకుని, మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని బయల్దేరేవాడు.

నేను డబ్బా దించి కూర్చుంటే స్టాకు లెక్క చేయించేవాడు. పెట్టెకు క్వార్టర్లయితే 48, హాఫులయితే 24, ఫుల్లులయితే 12, బీరైతే 12. బడిలో పదహారో ఎక్కం దగ్గర మా దోస్తులు ఏడుస్తుంటే నేను నలభై ఎనిమిదో ఎక్కం గడగడా చెప్పేవాణ్ని. ఎక్కడ నేర్చుకున్నావు బేటా అని ఉస్తాద్ ముచ్చటపడి అడిగారు. అబ్బా నేర్పాడన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

ఆ రిజిస్టర్ల భాష గురించి కొంచెం చెప్పాలి. తెలుగు అక్షరాలు, కానీ మాటలు చూడండి: జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, చిట్టా, ఆవర్జా. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు, ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు ఎట్లా చదువుతావని లెక్చరర్ ఆశ్చర్యపోయారు. నాకేమో ఆశ్చర్యం ఎందుకో అర్థం కాలేదు. నాకు తెలిసిన తెలుగులో సగం మా ఇంటిదే. ఆబ్కారీ అన్న మాటనే తీసుకోండి. ఫార్సీలో ఆబ్ అంటే నీళ్లు, కారీ అంటే పని. సారాయి శాఖకు అంత శుభ్రమైన పేరు! మన దక్కన్‌లో 1316 ఫస్లీలోనే ఆబ్కారీ చట్టం వచ్చింది, నిజాం సర్కార్‌కు ఆ ఖజానా అంటే మక్కువ. ఇక షరాబ్ అంటే అరబీలో వట్టి పానీయం. షర్బత్‌కు సొంత చెల్లెలు. జన్నత్‌లో పోసేదానికి ఖురాన్ వాడిన మాట కూడా షరాబే. హరామ్ అన్నదానికి వాడిన మాట ఖమ్ర్. మనవాళ్లు పవిత్రమైన మాటను తీసి సీసాకు తగిలించారు.

సేటు దగ్గర కుదిరేటప్పుడే అబ్బా ఒక షరతు పెట్టాడు. సీసా ముట్టను, పెట్టె ఎత్తను, కౌంటర్‌లో కూర్చోను. రాస్తాను, అంతే. సేటు మంచివాడు. "నీ ఇష్టం మున్షీ సాబ్, నాకు లెక్క తప్పకుంటే సాలు" అన్నాడట. కౌంటర్ కుర్రాడు ఒక్కరోజు రాకపోతే షాపు సగం మూసేవాడు గానీ అబ్బాను జాలీ దగ్గరికి పిలవలేదు.

ఈ షరతు వెనక అబ్బా దగ్గర ఒక దలీల్ ఉండేది. షరాబ్ విషయంలో పదిమంది మీద లానత్ ఉందని హదీస్. మీలో చాలామందికి తెలిసిందే. పిండేవాడు, పిండించేవాడు, తాగేవాడు, మోసేవాడు, ఎవరి కోసం మోస్తున్నారో వాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని ధర తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటున్నారో వాడు. అబ్బా వేళ్ల మీద లెక్కపెట్టి, "పదిమంది. హమాలీ ఉన్నాడు. మున్షీ లేడు" అనేవాడు. ఇది జోక్ కాదు. ఆయన నిజంగా ఆ పదిమందినీ చిట్టా చూసినట్టు చూసి, అందులో తన పేరు లేదని తేల్చుకున్నాడు.

మా మౌల్వీ సాబ్ నిదానస్తుడు. జనం ముందు ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అసర్ తర్వాత వజూ ఖానా దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు, "దాని ధర తినేవాడు అని ఉంది కదా భాయ్, మీ తన్‌ఖా ఎక్కడి నుంచి వస్తోంది?" అన్నారు. నా చేతిరాత ధర తింటున్నాను హజ్రత్ అన్నాడు అబ్బా. గునాహ్ పనిలో ఒకరికొకరు మదద్ చేయొద్దన్న ఆయత్ గుర్తు చేశారు మౌల్వీ సాబ్. అబ్బా తల దించుకున్నాడు. మర్నాడు మళ్లీ షాపుకు పోయాడు. ఇంట్లో ఏడుగురం.

అమ్మీ దగ్గర దలీల్ లేదు, రెండు డాల్డా డబ్బాలున్నాయి. అబ్బా తెచ్చే తన్‌ఖా ఒకదాంట్లో. మొహల్లా ఆడవాళ్లకు కుర్తాలు, జాకెట్లు కుట్టి సంపాదించింది రెండోదాంట్లో. మొదటి డబ్బాతో అద్దె, కరెంటు, కట్టెలు, మా చెప్పులు. రెండో డబ్బాతో రంజాన్ సహరీ ఇఫ్తార్లు, ఫిత్రా, ఈద్ బట్టలు, మాకు ఖురాన్ నేర్పే ఆపాకు నజ్రానా, మా పుస్తకాలు. రోజూ తినే బియ్యం ఏ డబ్బాలోంచి అన్నది అమ్మీ ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మిషన్ తొక్కీ తొక్కీ ఆమె కుడి మోకాలు పాడైంది. ఒకసారి మా చిన్నోడు ఐస్ పుల్ల కోసం రెండో డబ్బాలో చెయ్యి పెట్టాడు. "వో నక్కో, వో అల్లా కా డబ్బా హై" అని చెయ్యి మీద ఒకటేసి, మొదటి డబ్బాలోంచి పావలా తీసిచ్చింది.

మొహల్లాలో మమ్మల్ని ఎవరూ వెలి వేయలేదు. కానీ దావత్‌కు పిలిస్తే కొందరు వచ్చి, సలాం చెప్పి, పేట్ ఖరాబ్ ఉంది అని నీళ్లు కూడా ముట్టకుండా పోయేవాళ్లు. అట్లాంటి ఒక పెద్దమనిషి సాయంత్రాలు మొహానికి రుమాలు చుట్టుకుని షాపు పక్క గల్లీలో నిలబడేవాడని నాకు చాలా ఏళ్ల తర్వాత ఇంకొకరు చెప్పారు, అబ్బా కాదు. అబ్బా ఎవరి పేరూ ఇంట్లో చెప్పలేదు. మొదటి సఫ్‌లో ఎవరు నిలబడతారో, బాకీ ఖాతాలో ఎవరున్నారో రెండూ తెలిసిన మనిషి ఆ మొహల్లాలో ఆయనొక్కడే. ఖాతాలో పేర్లకు బదులు గుర్తులు రాసుకునేవాడు: మిఠాయి, గడియారం, చిన్న వకీల్, పెద్ద వకీల్. రంజాన్ నెలలో కొన్ని గుర్తుల ఎదురుగా ముప్ఫై రోజులూ ఖాళీ. చాంద్ రాత్ సాయంత్రం మళ్లీ సిరా పడేది. ఇది కూడా సేటు చెప్తేనే తెలిసింది, అబ్బా పోయాక.

షాపుకు అసలు గిరాకీ ఆజంజాహీ మిల్లు. 1934లో నిజాం కట్టించిన మిల్లు, మా వరంగల్‌లో ఎన్నో ఇళ్లలో పొయ్యి దాని సైరన్‌తోనే వెలిగేది. తన్‌ఖా రోజు సాయంత్రం షిఫ్టు దిగాక చౌరస్తాలో నడవడానికి దారుండేది కాదు. జాలీ ముందు మగవాళ్లు. ఎదురుగా చాయ్ హోటల్ అరుగు మీద ఆడవాళ్లు, చంకలో పిల్లలతో. మొగుడు కంత దగ్గరికి చేరకముందే పట్టుకుని జేబులోంచి ఎంతో కొంత లాక్కోవాలని. కొందరికి దొరికేది. కొందరికి దెబ్బలు దొరికేవి. అబ్బా డెస్కు మొదట్లో సందు కిటికీ పక్కన ఉండేది, అందులోంచి ఆ అరుగు కనిపించేది. ఒక తన్‌ఖా రోజు తర్వాత డెస్కును గోడ వైపు తిప్పుకున్నాడు. వెలుతురు పోయింది. అప్పటి నుంచే ఆయన కళ్లద్దాల నంబర్ పెరగడం మొదలైందని అమ్మీ అంటుంది.

కాబట్టి ఎవరూ అపార్థం చేసుకోవద్దు, నేను సీసా తరఫున వకాలత్ తీసుకోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి లేచినప్పుడు, అక్షరాలు నేర్చుకునే క్లాసులో చదువుకున్న ఒక కథ వాళ్లను లేపిందని పేపర్లో వచ్చింది. ఆ పేపర్ నాకు అబ్బానే తెచ్చిచ్చాడు. 1993 అక్టోబర్ నుంచి సారా బంద్. ప్యాకెట్లలో సారా పోయించిన వారుణి వాహిని ఎన్టీఆర్ మొదటి జమానాలోనిదే. ఆయనే మళ్లీ గెలిచి 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యం బంద్ చేశాడు.

పేపర్ అన్నాను కదా. అది కూడా షాపు ఇచ్చిందే. సీసాలు చుట్టడానికి సేటు రద్దీ కిలోల లెక్కన కొనేవాడు. ఆ కట్టల్లోంచి ఆదివారం అనుబంధాలు, వారపత్రికలు ఏరి అబ్బా నాకు తెచ్చేవాడు. కథలు, సీరియల్ ముక్కలు, సినిమా కబుర్లు, సగం చిరిగిన సంపాదకీయాలు. మొదలుంటే చివర ఉండదు, చివరుంటే మొదలుండదు. తప్పిపోయిన ముక్క నేనే ఊహించుకునేవాణ్ని. రద్దీలో సియాసత్ గానీ, రహ్‌నుమాయే దక్కన్ గానీ వస్తే మాత్రం అబ్బా ముందే తీసి పక్కన పెట్టేవాడు. అందులో ఎక్కడో అల్లా పేరుంటుంది, సీసాకు చుట్టడం బేఅద్బీ. కొన్నాళ్లకు సేటే కుర్రాళ్లకు చెప్పేవాడు: "ఉర్దూ కాయితం ముట్టకుండ్రిరా, అది మున్షీ సాబ్‌ది."

జనవరి 16న నేను పదో తరగతి. ఆబ్కారీవాళ్లు వచ్చి స్టాకు లెక్కపెట్టి, అబ్బా చిట్టాతో సరిచూసి, షట్టర్‌కు సీలు వేశారు. ఒక్క సీసా తేడా రాలేదని అబ్బా ఇంటికొచ్చి చెప్పాడు, అదొక్కటే చెప్పాడు. అమ్మీ రెండు రకాతుల షుక్రానా నమాజ్ చదివింది. మొహల్లాలో మిఠాయి పంచారు. మౌల్వీ సాబ్ ఇంటికొచ్చి అబ్బాను గట్టిగా కౌగిలించుకుని, అల్లా ఒక తలుపు మూస్తే వేరే తలుపు తీస్తాడన్నారు. చాయ్ తాగారు. మా ఇంట్లో ఆయన చాయ్ తాగడం అదే మొదలు.

నాలుగు నెలలు ఏ తలుపూ తెరుచుకోలేదు. కిలో రెండు రూపాయల బియ్యం తిన్నాం, అమ్మీ మిషన్ రాత్రి పన్నెండు దాకా నడిచింది. రెండు డబ్బాల్లో ఒకటి బోర్లించి ఉండేది.

తర్వాత ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తీదారు దగ్గర అబ్బాకు మున్షీగిరీ దొరికింది. మార్కెట్ తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. రైతు పత్తి, మిర్చి తెస్తాడు, అడ్తీదారు అమ్మిపెడతాడు, కమీషన్ తీసుకుంటాడు. కాగితం మీద అంతే. కానీ విత్తనం ఆయనదే, పురుగుమందు ఆయనదే, పిల్ల పెళ్లికి అప్పూ ఆయనదే. నూటికి నెలకు మూడు రూపాయలు. పంట వచ్చాక వేరేచోట అమ్ముకోవడానికి వీల్లేదు. తక్‌పట్టీ మీద ముందు అసలు కోస్తారు, తర్వాత మిత్తీ, తర్వాత అడ్తీ, హమాలీ, తరుగు. చివరి గీత కింద రైతుకు మిగిలింది. చాలాసార్లు చివరి గీత కింద కూడా రైతే బాకీ.

ఇప్పుడు మా ఇంటికి జనం వచ్చేవాళ్లు. పేట్ ఖరాబ్ అన్నవాళ్లు కూడా ఈద్‌కు వచ్చి రెండు గిన్నెల షీర్ ఖుర్మా తాగారు. మున్షీ సాబ్ హలాల్ రోజీలో పడ్డారని మెచ్చుకున్నారు. పత్తి తెల్లగా ఉంటుంది కదా. అమ్మీ కూడా, మొదటి తన్‌ఖా తెచ్చిన రోజు, రెండు డబ్బాలూ కలిపేద్దామా అని అడిగింది.

"వద్దు. ఉండనీ" అన్నాడు అబ్బా.

కారణం ఆ రోజు చెప్పలేదు. నాకు తెలిసింది ఇంటర్‌లో ఉండగా. ఒక రాత్రి అన్నం దగ్గర కూర్చుని, ఎవరితోనో అంటున్నట్టు అన్నాడు: "షరాబ్ పదిమందిలో నేను లేను. సూద్ దగ్గర నలుగురే. తినేవాడు, ఇచ్చేవాడు, రాసేవాడు, గవాహీలు. రాసేవాడు ఉన్నాడు." తర్వాత కొంచెం నవ్వి, దక్నీలో, "అబ్ ఆగయా మై లిస్ట్ మే" అన్నాడు. ఆ హదీస్ కూడా మీకు తెలుసు. అందరూ సమానమే అని కూడా అందులో ఉంది. బ్రాందీ షాపులో పద్దెనిమిదేళ్లు దొరకని తన పేరు, మొహల్లా మొత్తం ముబారక్ చెప్పిన నౌకరీలో ఆయనకు కనిపించింది. మౌల్వీ సాబ్‌ను అడిగాడా అని నేనడిగాను. అడిగాడట. మౌల్వీ సాబ్ చాలాసేపు ఊరుకుని, మజ్‌బూరీ అని ఒకటుంటుంది భాయ్ అన్నారట. చౌరస్తా షాపుకు ఆ మాట ఎందుకు వర్తించలేదో అబ్బా అడగలేదు. ఆయన అడిగే మనిషి కాదు. నేను అడిగే మనిషిని, కానీ నేను అడిగే వయసుకు వచ్చేసరికి మౌల్వీ సాబ్ లేరు.

1997లో చంద్రబాబు సర్కార్ నిషేధం ఎత్తేసింది. ఖజానా ఖాళీ అన్నారు. ఆ రెండేళ్లూ నల్ల బెల్లం, పటికతో గుడుంబా కాగని ఊరు లేదు, అదీ నిజమే. చౌరస్తా షట్టర్ మళ్లీ లేచింది. సేటు స్వయంగా ఇంటికొచ్చి, "రాండ్రి మున్షీ సాబ్, పాత జాగనే ఉంది" అన్నాడు. అమ్మీ పర్దా వెనక నుంచే, వద్దు అని చెప్పమంది. పెళ్లికి ఎదిగిన అపా ఇంట్లో ఉంది. సేటు చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ ఏడాది చలికాలం వరంగల్ జిల్లాలో ఏమైందో మీకు గుర్తుండాలి. పత్తి మీద లద్దె పురుగు. వానలు తప్పుడు సమయంలో. కొట్టిన మందే మళ్లీ కొట్టారు, మందు మారిస్తే పోతుందని మార్చి కొట్టారు, అప్పు చేసి కొట్టారు. పురుగు చావలేదు. మా జిల్లా పేరు దేశమంతా పేపర్లలో వచ్చింది. పత్తి రైతులు అదే మందు తాగి చచ్చిపోయారని వచ్చింది.

అందులో ఒకాయన అబ్బా ఖాతాలో మనిషి. ఊరి పేరు, ఆయన పేరు రాయను. నెలకోసారి వచ్చి, నా లెక్క ఒకసారి చదివి వినిపించు సాబ్ అని అడిగేవాడట. చదువు రాదు. అబ్బా చదివేవాడు, ఆయన వేళ్ల మీద లెక్క వేసుకుంటూ వినేవాడు. ఒక్క పైసా తప్పుండేది కాదు, అబ్బా రాతలో తప్పెక్కడుంటుంది. చివరిసారి విని, "బరాబర్ ఉంది సాబ్" అని లేచి పోయాడట. మూడో రోజు ఎంజీఎం ఆసుపత్రి నుంచి ఖబర్ వచ్చింది. తాగిన డబ్బా రసీదు కూడా అబ్బా చేత్తో రాసిందే.

అడ్తీదారు దుర్మార్గుడని చెప్పడం సులువు. ఆయన మట్టికి వెళ్లాడు, ఇంట్లోవాళ్లకు ఖర్చులకు డబ్బులిచ్చాడు. ఆ డబ్బు ఖాతాలో రాయమన్నాడు. అబ్బా కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట. బాకీ కింద రాయాలా, ఖర్చు కింద రాయాలా అని అడిగితే, బాకీ కిందనే రాయమన్నాడట, కొడుకు ఉన్నాడు కదా.

అబ్బా రాసి, కలం మూత పెట్టి, ఇంటికొచ్చాడు. మర్నాడు పోలేదు. నేను డిగ్రీ మొదటి ఏడు. ఇంట్లో ఎవరూ ఏమైందని గట్టిగా అడగలేదు. మూడో రోజు పొద్దున అమ్మీ ఆయన తెల్ల లాల్చీకి ఇస్త్రీ చేసి, అత్తరు దూది పక్కన పెట్టి, "సేట్ కనే జావ్" అంది. అంతే అంది. తర్వాత మిషన్ దగ్గర కూర్చుంది.

అబ్బా వెనక తలుపు నుంచే వెళ్లాడు. గోనె సంచి, వాలు డెస్కు అట్లాగే ఉన్నాయట. మిల్లు మాత్రం ముందటి మిల్లు కాదు, మూసివేతకు దగ్గరవుతోంది, తన్‌ఖా రోజు రష్ తగ్గింది. చాయ్ హోటల్ అరుగు మీద ఆడవాళ్లు తగ్గారు. అబ్బా డెస్కును మళ్లీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ సంగతి నేనే చూశాను, టిఫిన్ ఇవ్వడానికి పోయి. మొహల్లాలో కొందరి పేట్‌లు మళ్లీ ఖరాబ్ అయ్యాయి.

నేను ఒక తెలుగు పేపర్లో కంట్రిబ్యూటర్‌గా చేరి, నా పేరుతో మొదటి వార్త వచ్చిన వారం, సేటు రద్దీ కట్ట విప్పుతుంటే ఆ పేజీ దొరికిందట. పది కాపీలున్నాయట. నా పేరులో అల్లా పేర్లలో ఒకటుంది. అబ్బా ఉర్దూ పేపర్లతో పాటు ఆ పది పేజీలనూ పక్కన పెట్టాడు. వార్త దేని గురించో చదివాడా అంటే, "మున్సిపాలిటీ నల్లాలు కదా, చదివాను, రెండు అక్షరాలు తప్పు" అన్నాడు.

చౌరస్తా షాపు ఇప్పుడు లేదు. పాటలో పెద్దవాళ్లు వచ్చాక సేటు కొడుకులు నిలబడలేకపోయారు. ఇప్పుడైతే రెండేళ్లకోసారి లాటరీ తీస్తున్నారు, ఎవరి పేరొస్తే వాళ్లది షాపు. ఆ మూడు మెట్లు కొట్టేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు.

అబ్బా పోయినప్పుడు షాపు ఇంకా నడుస్తోంది. ఫజర్ తర్వాత, మంచం మీదే. కఫన్ బట్టకు మా మామూ జేబులో చెయ్యి పెడితే అమ్మీ ఆపి, లోపలికి పోయి రెండో డబ్బా తెచ్చి, నోట్లన్నీ నా చేతిలో పెట్టింది. కుట్టుకూలి నోట్లు, చిన్నవి, మడతలు పడినవి. గుస్ల్ సామాన్లు, కఫన్, కబర్ తవ్వినవాళ్ల మజూరీ అన్నీ అందులోంచే ఇచ్చాను.

నాలుగో రోజు సేటు వచ్చాడు. కవర్లో ఆ నెల పంతొమ్మిది రోజుల తన్‌ఖా, అబ్బా కళ్లద్దాలు, ఒక కట్ట ఉర్దూ పేపర్లు. అమ్మీ పర్దా వెనక నుంచి చెయ్యి చాపి కవర్ తీసుకుని, లెక్కపెట్టి, మొదటి డబ్బాలో వేసింది. ఆ డబ్బులతో కరెంటు బిల్లు, పాలవాడి బాకీ కట్టాం.